కుక్కపిల్ల గుండెలో మర్మరధ్వని వినబడినప్పుడు

మీరు కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకొని పట్టుమని పది దినములైనను కాలేదు. దాని పేరు ఇంకను ఇంటిల్లిపాదికిని నోట నిలువలేదు. గుమ్మమువద్ద విడిచిన చెప్పులు మాత్రము అన్నియు అప్పుడే దాని సొత్తైనవి. మొదటి టీకా వేయించుటకై పశువైద్యశాలకు తీసికొనిపోగా, బరువు తూచి, చెవులు చూచి, నవ్వుచు మాటలాడుచుండిన డాక్టరుగారు స్టెతస్కోపును దాని ఎడమ రొమ్మున ఆనించి హఠాత్తుగా మౌనము వహించిరి; దానిని అంగుళము ముందుకును అంగుళము వెనుకకును జరిపి, కుడివైపున గూడ ఆలకించి, "గుండెలో కొంచెం మర్మర్ వినిపిస్తోందండీ" అనిరి. ఆ తరువాత వారు చెప్పిన మాటలలో మీ చెవికెక్కినవి ఎన్ని? ఇంటికి వచ్చినపిదప, అది ఎప్పటివలెనే చీరచెంగు పట్టి లాగుచుండగా, "ఇంత చలాకీగా ఉన్నదే, దీనికి గుండెజబ్బేమిటి?" అని ఒక క్షణమును, "ఇది ఎన్నాళ్లు బ్రతుకునో" అని మరుక్షణమును మీ మనస్సు ఊగులాడలేదా?

ఈ రెండు ఊహలును సహజములే. రెండును తొందరపాటుతో పుట్టినవే. మొదటిది పరీక్షలను వాయిదా వేయించును. రెండవది ఆ పసిప్రాణిని ఎవరికైన ఇచ్చివేయుటకో, పరుగెత్తనీయక మూలను కట్టివేయుటకో పురికొల్పును. రక్తము గుండె గదులగుండ, కవాటములగుండ నిశ్శబ్దముగా సాగిపోవలసియుండగా, ఎక్కడనో సుడిగొని పారుటచేత, లబ్-డబ్ అను చప్పుళ్ల నడుమ వినవచ్చు బుసయే మర్మరధ్వని. సుడి ఏర్పడినదని ఆ ధ్వని చెప్పును. ఏల ఏర్పడినదో పూర్తిగా చెప్పజాలదు. ఆ కారణము తేలువరకు నిరాశకుగాని ఉపేక్షకుగాని తావీయక ఒక క్రమమున నడచుకొనుటయే మీరిప్పుడు చేయవలసిన పని.

1. వైద్యుని గది విడువకముందే అడుగవలసినవి అడుగుడు

దుర్వార్త విన్న నిమిషమున మనకు నోట మాట రాదు. "సరేనండీ" అని తలయూపి వచ్చివేయుదుము. ఇంటికి వచ్చినపిదప సందేహములు పుట్టుకొనివచ్చును. కావున, అప్పటికే వచ్చివేసినవారైనను సరే, మరల ఫోను చేసి ఈ సంగతులు కనుగొని టీకా పుస్తకములోనే వ్రాయించుకొనుడు: ధ్వని ఎన్నవ గ్రేడు? ఎడమవైపుననా, కుడివైపుననా, ఎచ్చట మిక్కిలి బిగ్గరగా వినబడుచున్నది? గుండె ముడుచుకొనునప్పుడు మాత్రమే వినబడుచున్నదా, లేక ఎడతెగక సాగుచున్నదా? తొడ లోపలి నాడి ఎట్లున్నది? చిగుళ్ల రంగు ఎట్లున్నది?

గ్రేడును గూర్చి ఒక్కమాట. శామ్యూల్ లెవైన్ అను అమెరికా వైద్యుడు మనుష్యుల హృదయధ్వనుల విషయమున తన సహచరునితో గూడి 1933లో ప్రచురించిన కొలమానమే నేడు పశువైద్యులకును ఆధారము. అందు 1 నుండి 6 వరకు అంతస్తులు కలవు. 1వ గ్రేడు ధ్వని నిశ్శబ్దమైన గదిలో శ్రద్ధగా చెవియొగ్గినగాని వినబడదు. 5వ గ్రేడునకు వచ్చుసరికి రొమ్ముపై అరచేయి ఉంచినను లోపలి కంపనము తగులును. 6వ గ్రేడు ధ్వని స్టెతస్కోపును చర్మమునుండి కొంచెము ఎత్తి పట్టినను వినబడును.

ఇచ్చట పొరపడనివారు అరుదు. సంఖ్య పెద్దదైనకొలది రోగము పెద్దదని అనుకొందురు. తరచుగా అది నిజమే కావచ్చును, ఎల్లప్పుడును కాదు. తోటకు నీరు పెట్టు గొట్టపు మూతిని వ్రేలితో నొక్కినకొలది నీరు బుస్సున చిమ్మునుగదా. అటులనే గుండె క్రింది గదుల నడిమి గోడలో చిన్న రంధ్రము ఉన్న పిల్లకు మహాధ్వని వినబడవచ్చును, ఆ పిల్ల ఏ చికిత్సయు లేకయే నిండుజీవితము గడపవచ్చును. అంకెను చూచి ఏడువను వలదు, చిన్న అంకె అని నిదురపోవను వలదు.

2. మొదట రక్తహీనతను విచారింపుడు

మన ఊళ్లలో దొరకు కుక్కపిల్లల విషయమున ఈ సూచనను నేను అన్నిటికంటె ముందు నిలుపుదును. వీధిలో పుట్టినదానిని జాలిపడి తెచ్చుకొన్నను, వేలు పోసి కొని తెచ్చుకొన్నను, కొంకిపురుగుల బాధ చాల పిల్లలకు తల్లిపాలతోనే సంక్రమించును. ఆ పురుగులు ప్రేగుగోడకు కరచుకొని రక్తము పీల్చును. వెలుపల గోమార్లును మిన్నల్లులును తమవంతు పీల్చును. రక్తము పలుచనైనకొలది గుండె దానిని మరింత వేగముగా త్రోయవలసివచ్చును. వేగము హెచ్చినకొలది సుడి, సుడితో ధ్వని. ఇట్టి పిల్లకు గుండె నిర్మాణమున ఏ లోపమును లేకున్నను మర్మరధ్వని వినబడును.

దీనిని మీరే కొంతవరకు కనిపెట్టగలరు. పై పెదవిని బొటనవ్రేలితో మెల్లగా పైకెత్తి చిగురును చూడుడు. ఆరోగ్యముగానున్న చిగురు గులాబి రంగున నుండును. దానిని వ్రేలితో నొక్కి విడిచినచో తెల్లబడిన చోట రెండు సెకండ్లలోపల రంగు తిరిగి రావలెను. పాలిపోయి సున్నపు రంగున నున్నదా? కొన్ని పిల్లల చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా నుండును. అప్పుడు క్రింది కనురెప్పను కొంచెము లాగి లోపలి పొరను చూడవలెను. మలము తారువలె నల్లగా జిగటగా నున్నచో, దానిని ఒక చిన్న డబ్బాలో పట్టి వైద్యునికి చూపుడు. పురుగుల గ్రుడ్లు సూక్ష్మదర్శినిలో కనబడును. రక్తపరీక్ష ఒక్కటి చేయించినచో సందేహము తీరును.

ఒక కుటుంబమును ఊహింపుడు. కాలువగట్టున దొరికిన ఆరువారముల పిల్లను బడిపిల్లలు ఇంటికి తెచ్చిరి. పొట్ట ఉబ్బి, వీపు ఎముకలు బయటపడి, చిగుళ్లు తెల్లగా నున్నవి. 2వ గ్రేడు మర్మరధ్వని. పురుగులమందు వేసి, గోమార్లు ఏరించి, వైద్యుడు చెప్పిన మోతాదున ఇనుపధాతువు గల టానిక్కు పోసి, మాంసమును గ్రుడ్డును పెట్టిన కొలది వారములకు చిగుళ్లు ఎరుపెక్కెను. రక్తము కూడుకొనినపిదప డాక్టరుగారు ఎంతసేపు ఆలకించినను ఆ ధ్వని వినబడలేదు. ఇట్టివి అరుదైన సంగతులు కావు. అయితే పురుగులమందు ఒకసారి వేసి ఊరకుండరాదు. రెండు వారముల వయస్సునుండి మూడు నెలలు నిండువరకు రెండేసి వారములకు ఒకసారి వేయవలెనన్నది సాధారణనియమము.

3. ఎప్పుడు వేచియుండవచ్చును, ఎప్పుడు వేచియుండరాదు

రక్తహీనత లేకున్నను ఎదుగుచున్న పిల్లలలో నిర్దోషమైన మర్మరము తరచు వినబడును. అది సాధారణముగా 1వ, 2వ గ్రేడులో, గుండె ముడుచుకొనునప్పుడు మాత్రమే, ఎడమవైపున కొద్దిచోట వినబడును. ఒకనాడు వినబడి మరునాడు వినబడకపోవచ్చును. నాలుగైదు నెలల వయస్సు వచ్చుసరికి అణగిపోవును. పిల్ల చక్కగా తినుచు, బరువు పెరుగుచు, తోటివానివలె పరుగెత్తుచున్నయెడల, వైద్యుని అనుమతితో వేచియుండుట న్యాయమే. పదునారు వారముల వయస్సు నిండువరకు మూడు నాలుగు వారములకు ఒకసారి టీకాలకు ఎటులను పోవుదురుగదా. పోయిన ప్రతిపర్యాయమును, సూది వేయకముందు, పిల్ల బెదరకముందు, గుండెను ఆలకింపుడని కోరుడు. ఏమి వినబడినదో తేదీతో వ్రాయించుకొనుడు.

వేచియుండుట అనగా పరీక్ష మానుట కాదని ఇచ్చట గట్టిగా చెప్పదలచితిని. ధ్వని 3వ గ్రేడుగాని అంతకు మించిగాని యున్నను, ఎడతెగక సాగుచున్నను, వచ్చినమారుకంటె వచ్చినమారు హెచ్చుచున్నను, ఐదారు నెలలు నిండినను పోకున్నను, పిల్ల ఎదుగుదల కుంటుపడినను, గుండె స్కానింగైన ఎకో పరీక్షకు పోవలసినదే.

ఎడతెగక సాగు ధ్వనిని ప్రత్యేకించి చెప్పుటకు హేతువు కలదు. గర్భస్థశిశువునకు ఊపిరితిత్తులతో పనిలేదు. అందుచేత రక్తము వాటిని తప్పించుకొనిపోవుటకు బృహద్ధమనికిని పుపుసధమనికిని నడుమ ఒక చిన్ననాళము ఉండును. పుట్టిన కొన్నిదినములలో అది దానంతట అది మూసికొనిపోవలెను. మూసికొననిచో, రక్తము అడ్డదారిని ఊపిరితిత్తులలోనికి మరల మరల పొరలి, గుండె ఎడమభాగమును నానాటికి ఉబ్బించును. దీనిని వైద్యులు పీడీఏ అందురు. మన ఇండ్లలో విరివిగా పెరుగు పొమెరేనియన్, జర్మన్ షెపర్డ్, పూడిల్ జాతులలో ఇది ఎక్కువ; అందును ఆడపిల్లలలో ఎక్కువ. ఎడమ చంకవద్ద యంత్రము తిరుగుచున్నట్లు ధ్వని. తొడలోని నాడి వ్రేళ్లను తన్నుచున్నట్లు కొట్టుకొనుట. ఇంత జరుగుచున్నను పిల్ల కొన్ని నెలలవరకు గంతులు వేయుచునే యుండును! గంతులు వేయుచున్నదిగదా అని గృహస్థు ఎకోకు వాయిదా వేయును. పరీక్షలన్నారు, పండుగ అన్నారు, నెలలు గడచిపోవును. ఒక రాత్రి దగ్గు మొదలగును, ఊపిరితిత్తులలో నీరు చేరును. చికిత్స లేనియెడల ఇట్టి పిల్లలలో సగమునకు తక్కువ కాకుండ సంవత్సరము నిండకయే చనిపోవునని వైద్యగ్రంథములు చెప్పుచున్నవి.

ఇంతటి ప్రమాదమునకు విరుగుడు మాత్రము ఆశ్చర్యకరముగా సంపూర్ణమైనది. బోస్టనులో రాబర్ట్ గ్రాస్ అను శస్త్రవైద్యుడు 1938లో ఏడేండ్ల బాలికకు ఈ నాళమునే దారముతో కట్టివేసి హృద్రోగచికిత్సలో నూతనయుగమునకు ద్వారము తెరచెను. నేడు అదే పని కుక్కపిల్లకు ప్రక్కటెముకల నడుమనుండి చేయుదురు; లేదా తొడలోని ధమనిగుండ సన్నని గొట్టమును పంపి, లోహపు అల్లికతో చేసిన చిన్న బిరడాతో నాళమును మూసివేయుదురు. గుండె అధికముగా ఉబ్బకముందే చేసినచో, ఆ పిల్ల తక్కిన కుక్కలవలెనే జీవించును. గుండెజబ్బు అను మాట వినగానే చేతులెత్తివేయువారిని చూచినప్పుడెల్ల నాకు ఈ పీడీఏయే తలపునకు వచ్చి మనస్సు చివుక్కుమనును. బాగుపడగలిగిన పిల్లయే భయమునకు బలియగుచున్నది.

4. ఎకోకు పోవునప్పుడు

ఎకో అనగా గుండెకు తీయు స్కానింగు. నొప్పి లేదు, కోత లేదు, చాలవరకు మత్తుమందును అక్కరలేదు. పిల్లను ఒక ప్రక్కకు పరుండబెట్టి, రొమ్మున జెల్లు రాసి, అవసరమైనచోట కొద్దిగా వెంట్రుకలు తీసి చూతురు. తల నిమురుచు మీరు ప్రక్కన నిలిచినచో చాలును. ఇది ఎల్ల క్లినిక్కులలోను ఉండదు, ఉన్నచోటనెల్ల గుండెను చదువగల నిపుణులుండరు. మీ డాక్టరుగారిని అడిగి చీటి వ్రాయించుకొనుడు. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరము మొదలగుచోట్ల పశువైద్య కళాశాలలు కలవు; వాటికి అనుబంధించిన ఆసుపత్రులలో ఖర్చు ప్రైవేటు చోట్లకంటె సాధారణముగా తక్కువ. బయలుదేరుటకు ముందే ఫోను చేసి, "కుక్కపిల్ల గుండెకు ఎకో తీస్తారా, ఏ రోజున తీస్తారు?" అని కనుగొనుట మంచిది, ఎండలో బస్సెక్కి పోయి ఊరక తిరిగివచ్చుట మీకును దానికిని శ్రమ.

5. నిద్రలో ఊపిరిని లెక్కింపుడు

ఇంటివద్ద మీరు చేయగల సేవలలో దీనికి మించినది లేదు, దీనికి కాసు ఖర్చును లేదు. పిల్ల గాఢనిద్రలో నున్నప్పుడు దానిని తాకక ప్రక్కన కూర్చుండి ప్రక్కటెముకలను చూడుడు. రొమ్ము లేచి పడినచో ఒకటి. గడియారమున అరనిమిషము లెక్కించి రెట్టింపు చేయుడు. కాళ్లు విదలించుచు, కూనిరాగమువలె మూలుగుచు కలగనుచున్నచో ఆ లెక్క పనికిరాదు. కల తీరువరకు ఆగవలెను. ఎండాకాలమున నోరు తెరచి రొప్పుచున్నప్పటి లెక్కయు పనికిరాదు. ఫ్యాను క్రింద, చల్లబడినపిదప చూడవలెను.

నిద్రలో నిమిషమునకు 30కి లోబడి యుండుట మేలు. మీ పిల్లకు మామూలు సంఖ్య ఎంతో మొదటి వారముననే తెలిసికొని గోడ క్యాలెండరుమీద ఏ నాటి లెక్క ఆనాటి గడిలో వేయుడు. 22, 24, 20 అని నడచుచున్న వరుసలో ఒకనాడు 38 పడినచో, గంట ఆగి మరల లెక్కింపుడు. అప్పుడును తగ్గనియెడల ఫోను చేయుడు. ఊపిరికి పొట్ట ఎగసిపడుచున్నను, నాలుక నీలిరంగునకు తిరిగినను, ఆటనడుమ కూలిపడినను, పొట్ట అకారణముగా ఉబ్బినను ఫోనుతో కాలము గడపక వెంటనే ఆసుపత్రికి ఎత్తుకొనిపొండు.

6. ప్రేమతో చేయు పొరపాట్లు

ఇంటిలో తాతగారికి గుండెజబ్బునకు వాడు మాత్రలలో అరముక్క వేయుట. జ్వరమునకు పారాసెటమాల్ వేయుట. మనిషి మందు కుక్కకు విషము కాగలదు. మోతాదు మాట దేవుడెరుగు.

జబ్బుపిల్లగదా అని టీకాలు మానుట మరియొక పొరపాటు. మర్మరధ్వనికంటె పార్వో జబ్బు ఎన్నోరెట్లు తొందరగా ప్రాణము తీయును. టీకా ఆపవలసియున్నచో వైద్యుడే చెప్పును.

రోజంతయు గొలుసుతో కట్టివేయుట గూడ తగదు. కారణము తేలువరకు ఎండలో పరుగుపందెములు, బంతి వెంట అదేపనిగా ఉరికించుట మానిపింపుడు, అంతే. ఆడుకొని తానుగా పండుకొనుటకు దాని దేహమే దానికి చెప్పును. ఆగి రొప్పుచున్నప్పుడు మనము "రా, రా" అని ఉసికొల్పకున్నచో చాలును.

ఇక తిండి. అప్పడపుముక్క, ఆవకాయ కలిపిన అన్నపుముద్ద, మిక్చరు పొట్లము అడుగున మిగిలినది, ఇవి పిల్లల చేతినుండి దానికి చేరుచుండును. గుండె బలహీనమైనచో ఉప్పు చేటు. ఉల్లి, వెల్లుల్లి ఎట్టి కుక్కకైనను చేటు. ఒట్టి పెరుగన్నముతో పెంచుటయు సరికాదు. ఎదుగు గుండె కండరమునకు మాంసకృత్తులు కావలెను.

7. ఇంటిలోని మాటలు

"ఇచ్చేసి ఇంకోటి తెచ్చుకుందాం" అని ఒకరైన అనకపోరు. అన్నవారు కఠినులు కారు. ఖర్చును దుఃఖమును ముందుగా చూచి భయపడినవారు. వారితో వాదింపక, "ఎకో వచ్చేదాకా ఆ మాట వద్దు మామయ్యగారూ, కారణం తెలిశాక అందరం కూర్చుని మాట్లాడుకుందాం" అని చెప్పి చూడుడు. ఖర్చు విషయము దాచకుడు. ఎకోకు ఎంత, మందులకు నెలకు ఎంత, శస్త్రచికిత్స అయినచో ఎంత అని వైద్యుని సూటిగా అడిగి కాగితముపై వేసినచో భయము చాలవరకు అంకెలలోనికి దిగివచ్చును.

పిల్లలు మాత్రము, "అమ్మా, ఇది చచ్చిపోతుందా?" అని అడిగివేయుదురు. అబద్ధము చెప్పకుడు, తెలియనిదానిని తెలిసినట్లును చెప్పకుడు. "దీని గుండెలో ఒక చప్పుడు వినిపించింది నాన్నా. అది ఎందుకో డాక్టరుగారు చూస్తారు. రోజూ పడుకున్నప్పుడు ఊపిరి లెక్కపెట్టే పని నీది" అన్నచో పసివానికి పనియు దొరకును, ధైర్యమును దొరకును.

అమ్మినవారికిని కబురు చేయుడు, కోపముతో కాదు. గుండె లోపములలో పలువాటికి వంశపారంపర్యము కలదు. ఆ ఈతలోని తక్కిన పిల్లలను గూడ పరీక్షింపవలెను, ఆ జతను మరల కలుపరాదు. ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదని 2017 నాటి కుక్కల పెంపక నియమములు చెప్పుచున్నవి; అంతకంటె పసిదానిని మీకు అంటగట్టియున్నచో ఆ సంగతియు వారికి గుర్తుచేయవచ్చును.

8. ఎకో కాగితము చేతికి వచ్చినపిదప

గుండెలో లోపము లేదని వచ్చినచో సంతోషింపుడు, టీకాలకు పోయినప్పుడు వినిపించుట మాత్రము మానకుడు. ఏలయన గోల్డెన్ రిట్రీవరు, రాట్‌వైలరు, బాక్సరు జాతులలో బృహద్ధమని మూలము ఇరుకై పుట్టు లోపము మొదటి సంవత్సరమున పెరుగుచు రావచ్చును. పుపుసధమని కవాటము ఇరుకైయున్న పిల్లలకు, బీగిల్, బుల్‌డాగ్ జాతులలో ఇది తరచు, బుడగ గల గొట్టముతో కవాటమును విప్పు చికిత్స కలదు. ఇరుకు స్వల్పమైనచో మందే అక్కరలేకపోవచ్చును.

కొన్నిటికి సంపూర్ణమైన చికిత్స లేదు. బృహద్ధమని మూలము మిక్కిలి ఇరుకైనచో గుండెవేగమును తగ్గించు మాత్రలతో, తీవ్రశ్రమ లేని దినచర్యతో కాపాడుకొనవలసినదే. హఠాత్తుగా కూలిపడు ప్రమాదమును గూర్చి వైద్యుడు ముందే చెప్పును, అది వినుట కష్టము. అటువంటి కాగితము మీ చేతికే వచ్చినచో, మీకు ఏడ్పు వచ్చినచో ఏడువుడు. కుక్కపిల్లకోసము ఏడ్పేమిటని ఎవరైన అన్నచో వారికి జవాబు చెప్పవలసిన పనిలేదు. మరునాటి ఉదయమున మాత్రము దానికి ఆకలి వేయును, మాత్ర వేళకు పడవలెను, చల్లనిపూట వీధిమలుపువరకు మెల్లగా నడిపించి తేవలెను. తన గుండె సంగతి దానికి తెలియదు. మీరు వాకిట కనబడినప్పుడు తోక ఊపుటలో అది ఏమాత్రమును తగ్గించుకొనదు.

ఒక సంగతి మరువరాదు. లోపము స్వల్పమైనదైనను ఆ కుక్కకు సంతానము వలదు. పిల్లలు పుట్టకుండ శస్త్రచికిత్స చేయించు దినమున గాని, పన్ను పీకించు దినమున గాని, మత్తుమందు ఇచ్చు వైద్యునికి ఈ చరిత్ర తెలిసియుండవలెను. ఎకో కాగితమును బీరువాలో భద్రపరచి మరచుటకంటె, దాని నకలును టీకా పుస్తకపు మొదటి పుటకు అంటించి, పైన ఎర్ర సిరాతో "గుండెలో మర్మర్ ఉన్నది" అని గ్రేడుతోను తేదీతోను వ్రాసియుంచుడు. మీరు ఊరిలో లేనినాడు దానిని ఆసుపత్రికి తీసికొనిపోవువారు ఆ పుస్తకమునే చేతబట్టుకొని పోవుదురు.